యాన్యుటీ రేటు అంటే వడ్డీ రేటేనా? జీవితాంతం హామీ ఆదాయం ఇచ్చే పథకాల్లోని మాటల గురించి

ప్రశ్న
రాసినవారు: విరమణకు పద్నాలుగు నెలలు

సభ్యులందరికీ నమస్కారం. మరో పద్నాలుగు నెలల్లో నేను పదవీ విరమణ చేయబోతున్నాను. ఇన్నేళ్లూ నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడటానికి అలవాటుపడిన మనిషిని. కూడబెట్టుకున్న మొత్తంలో కొంత భాగమైనా అలాగే నెలనెలా, నేనూ నా భార్యా బతికి ఉన్నంతకాలం చేతికి వచ్చేలా చేసుకోవాలని అనుకుంటున్నాను. ఆ పని చేసేది యాన్యుటీ అని తెలుసుకుని రెండు పథకాల బ్రోచర్లు తెప్పించుకున్నాను. వారం రోజులుగా వాటిని ముందేసుకుని చదువుతున్నా, చదివిన కొద్దీ అనుమానాలు పెరుగుతున్నాయే తప్ప తగ్గడం లేదు.

మొదటి బ్రోచరు అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘జీవితాంతం 8 శాతం’ అని ఉంది. డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ కంటే అది ఎక్కువే కనుక సంతోషించాను. తీరా నాలుగో పేజీలో, కొనుగోలు ధర, అంటే నేను కట్టే మొత్తం, నా తర్వాత వారసులకు తిరిగి ఇచ్చే ఏర్పాటు కోరుకుంటే రేటు 6 శాతానికి తగ్గుతుందని రాశారు. నా డబ్బు నాకే తిరిగి ఇవ్వడానికి రేటు ఎందుకు తగ్గాలో నాకు బోధపడలేదు. రెండో బ్రోచరులో ‘ఏటా 6 శాతం హామీ వృద్ధి’ అని ఉంది. దాని పక్కన చుక్క గుర్తు పెట్టి, పేజీ అడుగున భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాలతో ‘ఈ వృద్ధి బెనిఫిట్ బేస్‌కు వర్తిస్తుంది, ఖాతా విలువకు వర్తించదు’ అని చేర్చారు. ఈ రెండూ వేర్వేరని నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఏజెంటు గారు మర్యాదస్తులే. అడిగిన ప్రతిదానికీ ‘అన్నీ గ్యారంటీనే అండీ’ అని జవాబిస్తున్నారు. అయితే ఏది, ఎవరికి, ఎంతకాలం గ్యారంటీయో నా అంతట నేను అర్థం చేసుకున్న తర్వాతే సంతకం చేయాలని ఉంది. నా భార్య నాకంటే ఆరేళ్లు చిన్నది. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.


సమాధానం
రాసినవారు: లెక్కల బల్ల

నమస్కారం అండీ. నేను చాలాకాలం ఒక బీమా సంస్థలో యాన్యుటీల ధరలు కట్టే విభాగంలో పనిచేశాను. మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను: యాన్యుటీ రేటు వడ్డీ రేటు కాదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే బ్రోచరులో సగం మాటలు వాటంతట అవే విడిపోతాయి.

మీరు 10 లక్షలు కట్టారనీ, ఏటా 80,000 చొప్పున మీరున్నంతకాలం ఇస్తామని సంస్థ ఒప్పుకుందనీ అనుకుందాం. దీన్నే వారు 8 శాతం అంటున్నారు. డిపాజిట్‌లో అయితే 8 శాతం వడ్డీ తీసుకున్న తర్వాత కూడా అసలు పది లక్షలూ మీ పేరునే ఉంటాయి. యాన్యుటీలో అలా ఉండవు. మీ చేతికి వచ్చే ఆ 80,000లో మూడు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి, మీరు కట్టిన అసలులోంచే కొంచెం కొంచెంగా తిరిగి ఇచ్చేది. రెండోది, ఇంకా సంస్థ దగ్గర మిగిలి ఉన్న మొత్తం మీద వచ్చే వడ్డీ. మూడోది, మీతోపాటు అదే పథకంలో చేరి మీకంటే ముందు కన్నుమూసినవారి మొత్తంలోంచి, బతికి ఉన్న మీకు వచ్చే వాటా. ఈ మూడోదాన్ని మా వృత్తిలో మోర్టాలిటీ క్రెడిట్ అంటారు. యాన్యుటీకి అసలు ప్రాణం ఇదే, కానీ ఏ బ్రోచరులోనూ దీని పేరు కనిపించదు. మరణం మాటతో అమ్మకం మొదలుపెట్టడానికి ఎవరూ ఇష్టపడరు కదా.

ఈ వాటా ఎంత బలమైనదో చిన్న లెక్కతో చూపిస్తాను. ఒకే వయసున్న వంద మంది పెద్దవారు తలా వెయ్యి చొప్పున లక్ష పోగు చేశారనుకోండి. ఏడాదికి 5 శాతం వడ్డీ కలిసి అది 1,05,000 అవుతుంది. ఆ ఏడాదిలో అయిదుగురు పోయారు. ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం మిగిలిన 95 మందే ఆ మొత్తాన్ని పంచుకుంటే ఒక్కొక్కరికి 1,105 వస్తుంది. అంటే బజారులో 5 శాతమే దొరుకుతున్న రోజున వీరికి పదిన్నర శాతం దక్కింది. ఆ పైన ఉన్న అయిదున్నర శాతం ఏ పెట్టుబడి నైపుణ్యం వల్లనో రాలేదు, కేవలం నలుగురూ కలిసి ఉండటం వల్ల వచ్చింది. వయసు పెరిగే కొద్దీ ఏటా పోయేవారి సంఖ్య పెరుగుతుంది కనుక ఈ వాటా కూడా పెరుగుతుంది. అందుకే ఒకే మొత్తానికి 60 ఏళ్లవారికంటే 75 ఏళ్లవారికి ఎక్కువ యాన్యుటీ వస్తుంది. సంస్థ పెద్దవారి మీద దయతలచి ఇచ్చేది కాదది.

ఇప్పుడు మీ రెండో అనుమానానికి వద్దాం. కొనుగోలు ధర వాపసు కోరుకున్నవారు, తాము పోయాక తమ మొత్తాన్ని ఆ ఉమ్మడిలో వదలము అని చెబుతున్నారన్నమాట. వదలనివారికి ఇతరులు వదిలినదాంట్లో వాటా ఉండదు. అసలు కూడా ఖర్చు కాకూడదు. కనుక మూడు పాళ్లలో రెండు పోయి వడ్డీ ఒక్కటే మిగులుతుంది. మీ బ్రోచరులోని ఆ 6 శాతం దాదాపుగా వడ్డీయే, సంస్థ ఖర్చులు తీసివేయగా మిగిలినది. ఇది తప్పు ఎంపిక అని నేను అనను. పిల్లలకు ఒక మొత్తం వదలాలని గట్టిగా ఉన్నవారికి అది తృప్తినిస్తుంది. అయితే 25 ఏళ్ల తర్వాత వారి చేతికి వెళ్లే పది లక్షలు, ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగితే, ఈనాటి మూడు లక్షల కంటే తక్కువ విలువే చేస్తాయి. ఆ మూడు లక్షల కోసం మీ జీవితకాలమంతా ఏటా 20,000 వదులుకుంటున్నారా అన్నది మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి.

మరి 8 శాతం అన్నదాంట్లో నిజమైన రాబడి ఎంత? అది మీరు ఎన్నేళ్లు బతుకుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. 10 లక్షలకు ఏడాది చివర 80,000 చొప్పున తీసుకుంటూ 15 ఏళ్లు ఉంటే, మీ డబ్బు మీద వచ్చిన రాబడి ఏడాదికి సుమారు 2.4 శాతం. 20 ఏళ్లుంటే దాదాపు 5 శాతం. 25 ఏళ్లుంటే 6.2 శాతం పైచిలుకు. ఎంతకాలం జీవించినా అది 8కి చేరువ కావచ్చునే గాని 8ని తాకదు. పన్నెండున్నర ఏళ్లలోపే పోతే కట్టినంత కూడా వెనక్కి రాదు. ఈ చివరి వాక్యం వినగానే చాలామంది లేచి వెళ్లిపోతారు. కానీ యాన్యుటీని పెట్టుబడిగా కాక బీమాగా చూడాలి. జీవిత బీమా త్వరగా పోతామేమోనన్న భయానికి, యాన్యుటీ డబ్బు అయిపోయాక కూడా బతికి ఉంటామేమోనన్న భయానికి. ఈ రెండో భయాన్నే లాంజివిటీ రిస్క్ అంటారు.

ఎవరు ఎప్పుడు పోతారో సంస్థకు మాత్రం ఎలా తెలుసునని చాలామంది అడుగుతారు. ఒక్కరి సంగతి ఎవరికీ తెలియదు, వేలమంది సంగతి తెలుస్తుంది. తోకచుక్కతో పేరు ముడిపడిన ఎడ్మండ్ హేలీయే 1693లో బ్రెస్లావ్ నగరపు జనన మరణ నమోదులను తీసుకుని, ఏ వయసువారిలో ఎంతమంది మరుసటి ఏడాదికి మిగులుతారో పట్టిక కట్టి, దాన్నిబట్టి వయసువారీగా యాన్యుటీకి ఎంత ధర ఉండాలో లెక్క చూపించాడు. దానికి 22 ఏళ్ల ముందే, 1671లో, డచ్చి రాజనీతిజ్ఞుడు యోహాన్ డి విట్ ఇలాంటి లెక్క వేశాడు. ఈనాటి సంస్థలు చేసే పని కూడా మూలంలో అదే. కాకపోతే యాన్యుటీ కొనేవారు సగటు జనం కంటే ఎక్కువకాలం బతుకుతారు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా కొంటారు. అందుకని వారికి వేరే మరణ పట్టికలు వాడతారు. ఆరోగ్యం బాగాలేనివారికి ఎక్కువ మొత్తం ఇచ్చే పథకాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. మీకు పెద్ద జబ్బు ఏదైనా ఉంటే, అటువంటిది దొరుకుతుందేమో తప్పక అడగండి. ఇక్కడ జబ్బు దాచుకుంటే నష్టపోయేది మీరే.

గుంపు లేకుండా ఒక్కరే ఈ భారం నెత్తిన వేసుకుంటే ఏమవుతుందో ఫ్రాన్సులో జరిగిన సంగతి చెబుతుంది. 1965లో ఒక న్యాయవాది, 90 ఏళ్ల జాన్ కల్మాన్ అనే ఆవిడకు ఆమె ఉన్నంతకాలం నెలకు 2,500 ఫ్రాంకులు ఇచ్చేలా, ఆ తర్వాత ఆమె ఇల్లు తనకు వచ్చేలా ఒప్పందం చేసుకున్నాడు. ముప్పై ఏళ్లు కట్టి 1995లో ఆయనే పోయాడు. ఒప్పందం ప్రకారం ఆయన భార్య కట్టడం కొనసాగించింది. కల్మాన్ 1997లో, 122 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆ న్యాయవాది లెక్క తెలివితక్కువదేమీ కాదు. ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క ప్రాణం, అంతే. అలాంటి ఒప్పందాలు పదివేలు ఉంటే ఆ ఒక్కటీ లెక్కలో కలిసిపోయేది.


సమాధానం
రాసినవారు: రెండో సంతకం

పైన రాసినవారి లెక్కలు చాలా విలువైనవి. మీ భార్యగారు ఆరేళ్లు చిన్న అని చదివినప్పటి నుంచి నాకు మనసాగక ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు విరమణ రోజున వచ్చిన మొత్తంలో పెద్ద భాగం పెట్టి ఒక యాన్యుటీ తీసుకున్నారు. దరఖాస్తులో వరుసగా గడులు ఉన్నాయి. ఒక గడికి ఎదురుగా అన్నిటికంటే పెద్ద అంకె ఉంది. ఆయన దాని ముందు టిక్ పెట్టారు. అది సింగిల్ లైఫ్, అంటే ఆయన ఒక్కరి జీవితానికి కట్టుబడిన యాన్యుటీ. నామినీ అన్నచోట అమ్మ పేరు రాశారు. అక్కడ ఆమె పేరు ఉంది కాబట్టి తన తర్వాత ఆమెకు అందుతుందని నమ్మారు. ఏడేళ్ల తర్వాత నాన్నగారు పోయారు. అమ్మ పాస్‌బుక్కు తీసుకుని బ్యాంకుకు వెళ్లి ఎంట్రీలు వేయించుకుంది. అంతకు ముందు ప్రతి నెలా మొదటి వారంలో పడిన అంకె ఆ నెల లేదు. ఆ తర్వాతి నెలా లేదు. మేము సంస్థకు రాస్తే, ఒప్పందం ప్రకారం చెల్లింపులు ముగిశాయని, ఆ నెలలో మరణ తేదీ వరకు లెక్కగట్టిన కొద్ది రోజుల మొత్తం మాత్రమే నామినీకి ఇస్తామని జవాబు వచ్చింది. వారు రాసింది అక్షరాలా నిజమే. నామినీ అంటే, ఇవ్వవలసింది ఏమైనా మిగిలి ఉంటే దాన్ని అందుకునే వ్యక్తి. మిగిలింది ఏమీ లేనప్పుడు నామినీ పేరు రాసినందువల్ల ఒరిగేదేమీ ఉండదు. అమ్మ ఆ తర్వాత పదహారేళ్లు జీవించింది.

అందుకని మీరు చూడవలసిన మాట జాయింట్ లైఫ్, అంటే ఇద్దరి జీవితాలకూ కట్టుబడిన యాన్యుటీ. ఇందులో మిగిలినవారికి ఎంత శాతం కొనసాగుతుందో మీరే ఎంచుకోవాలి. నూరు శాతమా, మూడింట రెండు వంతులా, సగమా అన్నదాన్ని బట్టి మొదటి నెల నుంచే మీకు వచ్చేది మారుతుంది. సంస్థ ఇద్దరి వయసులూ చూస్తుంది కనుక, మీ భార్యగారు చిన్నవారైనందువల్ల మీకు వచ్చే మొత్తం ఇంకొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి వెనక్కి తగ్గకండి. ఆ తగ్గిన మొత్తమే ఆమెకు ఒంటరిగా గడపవలసి వచ్చే ఏళ్ల ఆదాయం.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కొన్ని ఒప్పందాల్లో ప్రధాన యాన్యుటీదారు పోతేనే చెల్లింపు సగమవుతుంది. మరికొన్నింటిలో ఇద్దరిలో ఎవరు ముందు పోయినా సగమవుతుంది. బ్రోచరులో రెంటికీ దాదాపు ఒకే పేరు ఉంటుంది. రెండో రకంలో ఆమె ముందు పోతే, బతికున్న మీ ఆదాయమే సగానికి పడిపోతుంది. ఇది ఏ రకమో లిఖితపూర్వకంగా అడగండి. ఒక్కరే ఇల్లు నడిపినా ఇంటి ఖర్చు సగం కాదన్న సంగతిని మా అమ్మ పద్దుల పుస్తకంలో నేను స్వయంగా చూశాను.


సమాధానం
రాసినవారు: విరమణకు పద్నాలుగు నెలలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ అమ్మగారి సంగతి చదివి వెంటనే నా దరఖాస్తు నమూనా తీసి చూశాను. ఏజెంటు గారు పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చిన గడి సింగిల్ లైఫే. ఈ మాట రాయడానికి ఒక రోజు పట్టింది.

ఆ పక్కనే ‘పదేళ్ల హామీతో జీవితాంతం’ అని మరో గడి ఉంది. పదేళ్ల తర్వాత ఆగిపోతుందా? రెండో బ్రోచరులోని బెనిఫిట్ బేస్ సంగతి కూడా ఎవరైనా విడమరచగలరా? ఆ పథకంలో డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని, మార్కెట్ పెరిగితే లాభమే గాని పడితే నష్టం లేదని రాశారు.


సమాధానం
రాసినవారు: అడుగు గమనిక

పదేళ్ల హామీ గురించి ముందు చెబుతాను, అది చిన్నది. మీరు మూడో ఏట పోతే మిగిలిన ఏడేళ్ల చెల్లింపులు నామినీకి వెళ్తాయి. మీరు ముప్పై ఏళ్లు జీవిస్తే ముప్పై ఏళ్లూ మీకు వస్తాయి. హామీ గడువు అన్నది కనీసం ఎంతకాలం ఇస్తారో చెబుతుంది, గరిష్ఠంగా ఎంతకాలమో కాదు. అయితే ‘జీవితాంతం’ అన్న మాట లేకుండా ‘పదేళ్ల నిశ్చిత యాన్యుటీ’ అని మాత్రమే ఉంటే అది నిజంగానే పదేళ్లకు ఆగుతుంది. ఆ ఒక్క మాట ఉందో లేదో చూసుకోండి.

రెండో బ్రోచరు పూర్తిగా వేరే జాతి వస్తువు. మొదటిది ఇమ్మీడియట్ యాన్యుటీ, ఈ రోజు కడితే వచ్చే నెల నుంచో ఏడాది నుంచో రావడం మొదలవుతుంది. రెండోది డిఫర్డ్ యాన్యుటీ, అంటే వాయిదా యాన్యుటీ. కొన్నేళ్లు డబ్బు పెరగనిచ్చి తర్వాత ఆదాయం మొదలుపెడతారు. దీనికి అదనపు రుసుముతో ఒక రైడర్, అంటే అనుబంధ హామీ, తగిలిస్తారు. ఖాతాలో డబ్బు అయిపోయినా మీరు బతికున్నంతకాలం ఏటా ఇంత తీసుకోవచ్చన్నది ఆ హామీ. అక్కడే రెండు లెక్కలు పుడతాయి.

ఖాతా విలువ అంటే నిజంగా మీ పేరున ఉన్న డబ్బు. బెనిఫిట్ బేస్ అంటే మీ వార్షిక ఆదాయాన్ని కట్టడానికి మాత్రమే వాడే కాగితపు అంకె. దాన్ని నగదుగా తీసుకోలేరు, వారసులకు ఇవ్వలేరు, వేరే సంస్థకు మార్చుకోలేరు. మీరు 10 లక్షలు పెట్టారు, బేస్ ఏటా 6 శాతం బారువడ్డీ పద్ధతిలో పదేళ్లు పెరుగుతుందనుకుందాం. పదేళ్లకు బేస్ 16 లక్షలు. ఈలోపు రుసుములన్నీ పోగా ఖాతా విలువ 12 లక్షలకు చేరిందనుకుందాం. ఆదాయపు రేటు 5 శాతమైతే ఏటా 80,000 తీసుకోవచ్చు. అది 16 లక్షల మీద 5 శాతమే, కాదనను. కానీ ఆ 80,000 ఎక్కడి నుంచి వస్తుంది? ముందుగా మీ 12 లక్షల ఖాతాలోంచే తీస్తారు. ఖాతా ఏమీ పెరగకపోయినా పదిహేనేళ్లు మీ డబ్బే మీకు ఇస్తూ ఉంటారు. అది సున్నాకు వచ్చాకే సంస్థ తన జేబులోంచి పెట్టడం మొదలవుతుంది. 70 ఏళ్లకు ఆదాయం మొదలుపెడితే సంస్థ వంతు 85 దాటాక వస్తుందన్నమాట. అప్పుడు ఆ హామీ విలువ చాలా పెద్దది, సందేహం లేదు. అయితే పదేళ్లపాటు బేస్ పెరుగుదలను చూసి ‘నా డబ్బు 6 శాతం పెరుగుతోంది’ అనుకున్న మనిషి, మధ్యలో అవసరమొచ్చి రద్దు చేసుకోబోయినప్పుడు 16 కాక 12 లక్షలే కనబడితే పడే బాధ నేను దగ్గరగా చూశాను. పైగా రైడర్ రుసుమును చాలా ఒప్పందాల్లో ఖాతా విలువ మీద కాక బేస్ మీద లెక్కగట్టి ఖాతాలోంచి తీసుకుంటారు. బేస్ పెరిగే కొద్దీ రుసుమూ పెరుగుతుంది.

‘ఎప్పుడు కావాలంటే అప్పుడు’ అన్న మాట పక్కన సరెండర్ ఛార్జీల పట్టిక ఉండి తీరాలి. మధ్యలో డబ్బు తీసుకుంటే కోసుకునే, మొదటి ఏడాది ఎక్కువగా మొదలై ఏటేటా తగ్గుతూ కొన్నేళ్లకు సున్నా అయ్యే శాతాల వరుస అది. ఏటా కొంత శాతం వరకు ఛార్జీ లేకుండా తీసుకోనిస్తారు, కానీ ఆదాయపు హామీ ఉన్న పథకంలో అనుమతించిన దానికంటే ఎక్కువ తీస్తే బేస్ తగ్గిపోతుంది. తీసినంతే తగ్గుతుందా, ఖాతాలో ఎంత వంతు తీశారో అంత వంతు తగ్గుతుందా అన్నది ముఖ్యం. ఖాతా 8 లక్షలు, బేస్ 16 లక్షలు ఉన్నప్పుడు అనుమతికి మించి 2 లక్షలు తీశారనుకోండి. ఖాతాలో నాలుగో వంతు పోయింది కనుక వంతుల పద్ధతిలో బేస్‌లోనూ నాలుగో వంతు, అంటే 4 లక్షలు పోతాయి. కొన్ని పథకాల్లో దీనికి తోడు మార్కెట్ విలువ సర్దుబాటు అనే నిబంధన ఉంటుంది. మీరు చేరిన తర్వాత బజారులో వడ్డీ రేట్లు పెరిగి ఉంటే, మధ్యలో వైదొలిగేవారికి ఇచ్చేదాంట్లో మరికొంత కోత పడుతుంది.

‘పెరిగితే లాభం, పడితే నష్టం లేదు’ అన్నది ఇండెక్స్ ఆధారిత యాన్యుటీ, అంటే షేర్ మార్కెట్ సూచీ కదలికను బట్టి వడ్డీ జమ అయ్యే యాన్యుటీ గురించి. పడినప్పుడు సున్నా దగ్గర ఆపుతారు, అది ఫ్లోర్. ఆ రక్షణకు ధర మీరు పెరుగుదలలో చెల్లిస్తారు. సూచీ ఒక ఏడాది 12 శాతం పెరిగిందనుకోండి. క్యాప్, అంటే గరిష్ఠ పరిమితి, 7 శాతమైతే మీకు 7 జమ అవుతుంది. క్యాప్ లేకుండా పార్టిసిపేషన్ రేటు, అంటే పెరుగుదలలో మీకు ఇచ్చే వంతు, 60 శాతమైతే 7.2 జమ అవుతుంది. అవి రెండూ కాక 3 శాతం స్ప్రెడ్, అంటే పెరుగుదలలోంచి సంస్థ తీసేసుకునే భాగం, ఉంటే 9 జమ అవుతుంది. సాధారణంగా సూచీలోని కంపెనీలు ఇచ్చే డివిడెండ్లు ఈ లెక్కలో చేరవు. క్యాప్‌ను ఏటా మార్చే అధికారం సంస్థ తన దగ్గరే ఉంచుకోవడం మామూలు. కనుక మొదటి ఏడాది క్యాప్ ఎంత అన్నదానితో ఆగకుండా, ఎంతకు తగ్గించే హక్కు వారికి ఉందో అడగాలి. ఆ కనిష్ఠ క్యాప్ ఒక్కటే మీకు నిజంగా హామీ ఇచ్చినది.


సమాధానం
రాసినవారు: లెక్కల బల్ల

పై వివరణకు నేను చేర్చవలసింది ఒక్కటే, ధరల పెరుగుదల. జీవితాంతం ఒకే అంకె వచ్చే యాన్యుటీకి అదే పెద్ద శత్రువు. ఏటా 5 శాతం ధరలు పెరిగితే ఈనాటి 100 ఇరవై ఏళ్లకు 38 పాటి సరుకే కొంటుంది. మీ భార్యగారి వయసును బట్టి మీ ఇంటికి ఇరవై ఏళ్లు కాదు, ముప్పై ఏళ్లు ఆలోచించాలి.

ఏటా 3 శాతం పెరిగే యాన్యుటీ అడగవచ్చు. మొదట తక్కువ వస్తుంది. స్థిరమైనది 100 ఇచ్చేచోట పెరిగేది 75తో మొదలైందనుకుంటే, పదకొండో ఏట అది 100 దాటుతుంది. అప్పటిదాకా అందుకున్న మొత్తాలను కూడితే మాత్రం ఇరవయ్యో ఏటికి గాని స్థిరమైనదాన్ని మించదు. ఈ 75 నేను ఉదాహరణకు తీసుకున్న అంకె, మీ సంస్థ చెప్పే అంకెతో మీరే లెక్క వేసుకోండి. ఆ 3 శాతం బారువడ్డీలా పెరుగుతుందా, చక్రవడ్డీలా పెరుగుతుందా అని కూడా అడగాలి. ఇరవై ఏళ్ల పెరుగుదల తర్వాత మొదటి పద్ధతిలో 100 కాస్తా 160 అవుతుంది, రెండో పద్ధతిలో 180 దాటుతుంది. బ్రోచరులో రెంటినీ ‘ఏటా 3 శాతం పెరుగుదల’ అనే రాస్తారు.

ఉన్నదంతా ఒకేసారి యాన్యుటీలో పెట్టవద్దని నా అభిప్రాయం. వారసులకు ఏమీ వదలాలని లేనివారు, ధర న్యాయంగా ఉంటే, మొత్తం యాన్యుటీలోనే పెట్టడం మేలని 1965లో మెనాహెమ్ యారి అనే ఆర్థికవేత్త సిద్ధాంతరీత్యా చూపించాడు. ఆ తర్వాత వచ్చిన ఆర్థికవేత్తలు, అయినా జనం ఎందుకు కొనడం లేదని ఆశ్చర్యపడి దానికి యాన్యుటీ పజిల్ అని పేరు పెట్టారు. నాకు అందులో పెద్ద ఆశ్చర్యం కనిపించదు. మనిషికి ఆసుపత్రి ఖర్చు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. యాన్యుటీగా మారిన డబ్బు ఆ రోజుకు అక్కరకు రాదు. అందుకని తిండి, మందులు, ఇంటి నిర్వహణ వంటి తప్పని ఖర్చులు ఎంతో చూసి, ఇతర పింఛను ఏమైనా వస్తుంటే దాన్ని తీసివేసి, మిగిలిన లోటుకు సరిపడా మాత్రమే జాయింట్ లైఫ్ యాన్యుటీ తీసుకోవడం నాకు సబబుగా తోస్తుంది. దాన్ని కూడా రెండు మూడేళ్ల ఎడంతో రెండు విడతలుగా కొంటే, వడ్డీ రేట్లు తక్కువగా ఉన్న ఒక్క ఏడాదికి జీవితమంతా కట్టుబడిపోకుండా ఉంటుంది.


సమాధానం
రాసినవారు: విరమణకు పద్నాలుగు నెలలు

మీరు చెప్పినట్టే నిన్న రాత్రి మేమిద్దరం కూర్చుని తప్పని ఖర్చుల పద్దు రాశాం. లోటు నేననుకున్న దాంట్లో సగమే తేలింది. రెండో బ్రోచరు పక్కన పెట్టేశాను. పదేళ్లు ఆగే అవసరం మాకు లేదు. ఒక్క అనుమానం మిగిలింది. సంస్థే మూతపడితే జీవితాంతం అన్న హామీ ఏమవుతుంది?


సమాధానం
రాసినవారు: అడుగు గమనిక

హామీ ఇచ్చేది ఆ బీమా సంస్థ. కనుక ఆ మాటకు ఉన్న బలమంతా సంస్థ చెల్లింపు సామర్థ్యమే. ఇంకా పుట్టని బాకీలకు కూడా ఇప్పటి నుంచే నిధి నిలవ ఉంచాలని నియంత్రణ సంస్థలు నిబంధన పెడతాయి. ఆ బాకీలన్నీ పోగా సంస్థ దగ్గర మిగిలే మూలధనం, నిబంధన ప్రకారం ఉండవలసిన మూలధనానికి ఎన్ని రెట్లు ఉందో చూపే అంకెను సాల్వెన్సీ నిష్పత్తి అంటారు. సంస్థ వార్షిక నివేదికలో అది ఉంటుంది. ఒక్క ఏడాది అంకె కాక అయిదేళ్ల వరుస చూడండి. దానికి పైన కొన్ని దేశాల్లో రక్షణ నిధులు ఉంటాయి. ఆ రక్షణ దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక గ్యారంటీ సంఘం ఉంటుంది, అది ఒక పరిమితి వరకే భరిస్తుంది. మీ యాన్యుటీ ఏ చట్టం కిందకు వస్తుందో, దానికి అటువంటి రక్షణ ఉందో లేదో, ఉంటే పరిమితి ఎంతో నియంత్రణ సంస్థను నేరుగా అడిగి తెలుసుకోండి. పరిమితి ఉంటే రెండు విడతలను రెండు వేర్వేరు సంస్థల్లో తీసుకోవచ్చు.

పాలసీ పత్రం చేతికి వచ్చిన రోజున తేదీ రాసి పెట్టుకోండి. నచ్చకపోతే రద్దు చేసుకునే ఫ్రీ లుక్ గడువు ఉన్నచోట చాలాసార్లు ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఆ గడువు దాటాక ఇమ్మీడియట్ యాన్యుటీని వెనక్కి తిప్పుకోవడం దాదాపు అసాధ్యం. ఆ రోజుల్లోనే మీ భార్యగారితో కూర్చుని, ఇద్దరి పుట్టిన తేదీలూ సరిగ్గా పడ్డాయా, జాయింట్ లైఫ్ అన్న మాట ఉందా, మిగిలినవారికి ఎంత శాతం, ఎవరు పోతే తగ్గుతుంది అన్నవి పాలసీ మొదటి పేజీలోని షెడ్యూలులో వేలు పెట్టి చదవండి. బ్రోచరులో ఏమున్నా, ఏజెంటు గారు ఏం చెప్పినా, రేపు సంస్థ చూసేది ఆ పేజీనే.